జరిమానా కట్టిన ప్రధాని, ఎగరని విమానం: బ్రిటన్ ఆశ్రయ విధానం ఎలా కుప్పకూలింది?

2022 ఏప్రిల్ 12న బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్‌కు లండన్ పోలీసులు జరిమానా వేశారు. కోవిడ్ లాక్‌డౌన్‌లో జనం తమవాళ్ళ అంత్యక్రియలకు కూడా వెళ్ళలేని రోజుల్లో, ప్రధాని కార్యాలయంలో విందులు జరిగాయన్నది కేసు. పదవిలో ఉండగా చట్టాన్ని ఉల్లంఘించినట్టు తేలిన తొలి బ్రిటన్ ప్రధాని ఆయనే. అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్‌కూ అదే రోజు జరిమానా పడింది.

సరిగ్గా రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 14న, ప్రభుత్వం ఇంకో ప్రకటన చేసింది. చిన్న పడవల్లో సముద్రం దాటి వచ్చి ఆశ్రయం అడిగేవాళ్ళను ఆఫ్రికాలోని రువాండాకు పంపిస్తాం, వాళ్ళ దరఖాస్తులను అక్కడే చూస్తారు, ఆశ్రయం దొరికినా అక్కడే ఉండాలి అని. హోమ్ మంత్రి ప్రీతి పటేల్ కిగాలీ వెళ్ళి ఒప్పందం మీద సంతకం చేశారు.

ఈ రెండు తేదీలు కాకతాళీయంగా కలిశాయా, కావాలనే కలిపారా అన్న చర్చ అప్పట్లోనే నడిచింది. దానికి జవాబు ఏదైనా, తర్వాతి రెండేళ్ళలో జరిగింది మాత్రం కళ్ళ ముందు ఉంది. ప్రభుత్వం ఒక్కో కుంభకోణంలో కూరుకుపోతున్న కొద్దీ ఓటు లేని మనుషుల మీద దాని గొంతు పెరుగుతూ పోయింది. ఈ క్రమాన్ని విద్యార్థులు, కార్యకర్తలు వివరంగా తెలుసుకోవడం అవసరం. ఇది ఒక్క బ్రిటన్‌లోనే జరిగే పని కాదు.

ముందుగా రెండు మాటల అర్థం

ఆశ్రయం కోరే వ్యక్తి అంటే, సొంత దేశంలో ప్రాణభయం ఉందని చెప్పి వేరే దేశాన్ని రక్షణ అడిగి, నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న మనిషి. ఆ భయం నిజమేనని ప్రభుత్వం ఒప్పుకుంటే ఆ మనిషి శరణార్థి.

ఈ హక్కుకు మూలం 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం. బ్రిటన్ దాని మీద సంతకం చేసిన దేశం. అందులో రెండు అధికరణాలు గుర్తుపెట్టుకోవాలి. 31వ అధికరణం ప్రకారం, ప్రాణభయంతో నేరుగా పారిపోయి వచ్చి వెంటనే అధికారుల ముందుకొచ్చిన వాళ్ళను అనుమతి లేకుండా దేశంలోకి వచ్చారన్న కారణంతో శిక్షించకూడదు. 33వ అధికరణం ప్రకారం, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్నచోటికి ఎవరినీ తిరిగి పంపకూడదు. రువాండా కేసు మొత్తం ఈ రెండో సూత్రం చుట్టూనే తిరిగింది.

ఇంకో సంగతి. బ్రిటన్‌లో ఆశ్రయం అడగాలంటే ముందు బ్రిటన్ నేల మీద కాలు పెట్టి ఉండాలి. ఆశ్రయం కోసం వీసా అంటూ ఒకటి లేదు. ఉక్రెయిన్ వాళ్ళకు 2022 మార్చిలో ప్రత్యేక పథకాలు తెరిచారు. వాటి ద్వారా రెండు లక్షల మందికి పైగా వచ్చారు. సూడాన్, ఎరిత్రియా, ఇరాన్ మనుషులకు అలాంటి దారి దాదాపుగా లేదు. అఫ్ఘాన్‌లకు పెట్టిన పథకాలు కొద్దిమందికే అందాయి. మిగిలింది పడవ. 2018లో సుమారు 300 మంది ఇంగ్లిష్ చానెల్‌ను చిన్న పడవల్లో దాటారు. 2022లో ఆ సంఖ్య 45,700 దాటింది. 2021 నవంబర్ 24న ఒక్క రాత్రిలో కనీసం 27 మంది ఆ నీళ్ళలో చనిపోయారు.

ఇలా వచ్చేవాళ్ళను మంత్రులు 'అక్రమ వలసదారులు' అనేవాళ్ళు. కానీ 2022లో బ్రిటన్ హోమ్ శాఖ ఆశ్రయ దరఖాస్తుల మీద ఇచ్చిన తొలి నిర్ణయాల్లో 76 శాతం మందికి రక్షణ దొరికింది. అంటే వాళ్ళ భయం నిజమేనని ఒప్పుకున్నది ఆ ప్రభుత్వమే.

దీనికి పునాది: శత్రు వాతావరణం, విండ్‌రష్

రువాండా పథకం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2012లో అప్పటి హోమ్ మంత్రి థెరెసా మే, కాగితాలు లేని వలసదారులకు బ్రిటన్‌లో 'శత్రు వాతావరణం' సృష్టిస్తామని బహిరంగంగా ప్రకటించారు. 2014, 2016 వలస చట్టాలతో ఇంటి యజమానులు, బ్యాంకులు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు అందరూ మనుషుల కాగితాలు తనిఖీ చేసేవాళ్ళయ్యారు.

దెబ్బ ఎవరికి తగిలింది? 1948 నుంచి 1973 మధ్య కరీబియన్ దీవుల నుంచి, ఇతర కామన్‌వెల్త్ దేశాల నుంచి చట్టబద్ధంగా వచ్చి స్థిరపడిన నల్లజాతి వృద్ధులకు, వాళ్ళ పిల్లలకు. వాళ్ళను విండ్‌రష్ తరం అంటారు. వాళ్ళు వచ్చినప్పుడు ఎవరూ కాగితాలు ఇవ్వలేదు. వచ్చిన తేదీకి ఆధారంగా ఉన్న పాత ల్యాండింగ్ కార్డులను 2010లో హోమ్ శాఖే నాశనం చేసింది. ఆ తర్వాత అదే శాఖ రుజువు చూపమంది. యాభై ఏళ్ళు పనిచేసి పన్నులు కట్టినవాళ్ళు ఉద్యోగాలు, ఇళ్ళు, వైద్యం కోల్పోయారు. కొందరిని నిర్బంధించారు, కొందరిని దేశం దాటించారు. 2018 ఏప్రిల్‌లో ఈ సంగతి బద్దలై హోమ్ మంత్రి అంబర్ రడ్ రాజీనామా చేశారు.

కాగితం లేదని పౌరుడిని పరాయివాడిని చేయడం, ఆ కాగితం పోగొట్టిన నేరం మాత్రం రాజ్యానిదే కావడం. రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మన జనానికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

కుంభకోణాల వరుస

2019 డిసెంబర్ ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ 365 సీట్లు గెలిచింది. తర్వాత కోవిడ్ వచ్చింది. రక్షణ సామగ్రి కాంట్రాక్టుల్లో మంత్రులకు, ఎంపీలకు తెలిసిన కంపెనీల కోసం 'వీఐపీ వరుస' నడిపారని బయటపడింది. అది చట్టవిరుద్ధమని 2022 జనవరిలో హైకోర్టు తేల్చింది.

2021 నవంబర్ చివర్లో విందుల వార్తలు మొదలయ్యాయి. 2021 ఏప్రిల్ 16 రాత్రి ప్రధాని కార్యాలయంలో సిబ్బంది తాగుతూ గడిపారు. మర్నాడు రాణి ఎలిజబెత్ తన భర్త అంత్యక్రియల్లో కోవిడ్ నిబంధనల ప్రకారం ఒంటరిగా కూర్చున్నారు. జనాన్ని మండించినవి ఇలాంటి వివరాలే. ఈ కేసులో పోలీసులు మొత్తం 83 మందికి 126 జరిమానాలు వేశారు. జాన్సన్ పార్లమెంటును ఉద్దేశపూర్వకంగా తప్పుదోవ పట్టించారని 2023 జూన్‌లో సభాహక్కుల కమిటీ తేల్చింది.

2022 జులై 7న జాన్సన్ రాజీనామా ప్రకటించారు. తర్వాత వచ్చిన లిజ్ ట్రస్ ధనికులకు పన్ను తగ్గించే మినీ బడ్జెట్ పెట్టారు. మార్కెట్లు కుదేలై, ఇంటి రుణాల వడ్డీలు ఎగబాకాయి. ఆమె 49 రోజులకే దిగిపోయారు. అక్టోబర్ 25న సునాక్ ప్రధాని అయ్యారు. ఒక అధికారిక పత్రాన్ని సొంత ఈమెయిల్ నుంచి పంపినందుకు ఆరు రోజుల ముందే రాజీనామా చేసిన సుయెల్లా బ్రావర్‌మన్‌ను ఆయన తిరిగి హోమ్ మంత్రిని చేశారు.

భాష పదునెక్కింది, బతుకు ఇరుకైంది

2022 అక్టోబర్ 30న డోవర్‌లోని వలస కేంద్రం మీద ఒక వ్యక్తి పెట్రోల్ బాంబులు విసిరాడు. మర్నాడే బ్రావర్‌మన్ పార్లమెంటులో పడవల రాకను 'దండయాత్ర'తో పోల్చారు. అదే సమయంలో కెంట్‌లోని మాన్‌స్టన్ కేంద్రంలో 1,600 మందికి ఉద్దేశించిన చోట సుమారు 4,000 మందిని కుక్కారు. అక్కడ డిఫ్తీరియా పాకింది.

2023 జనవరిలో సునాక్ ఇచ్చిన ఐదు హామీల్లో పడవలను ఆపడం ఒకటి. జులైలో డోవర్ దగ్గర ఒంటరిగా వచ్చిన పిల్లలను ఉంచే కేంద్రంలో గోడల మీద మిక్కీ మౌస్ బొమ్మలకు రంగు పూయించి చెరిపేశారు. అవి మరీ ఆహ్వానించేలా ఉన్నాయన్నది వలసల శాఖ మంత్రి రాబర్ట్ జెన్రిక్ ఉద్దేశం. ఆగస్టులో పోర్ట్‌లాండ్ రేవులో బిబీ స్టాక్‌హోమ్ అనే తేలియాడే బార్జిలో మనుషులను పెట్టారు. నీళ్ళలో లీజియోనెల్లా బ్యాక్టీరియా దొరకడంతో ఐదు రోజులకే ఖాళీ చేయించి, కొన్ని వారాలకు మళ్ళీ ఎక్కించారు. డిసెంబర్‌లో ఆ బార్జిలోనే ఒకరు చనిపోయారు.

హోటళ్ళ ఖర్చు రోజుకు 80 లక్షల పౌండ్లు దాటిందని ప్రభుత్వమే చెప్పింది. శరణార్థులు విలాసంగా ఉంటున్నారని పత్రికలు రాశాయి. అసలు కారణం వేరు. దరఖాస్తులు చూసే పని పడకేసింది. 2023 జూన్ నాటికి తొలి నిర్ణయం కోసం ఎదురుచూసేవాళ్ళు లక్షా 75 వేలకు చేరారు. ఆ కాలంలో వాళ్ళకు పనిచేసే హక్కు దాదాపు ఉండదు. ఏడాది నిండాక, అదీ కొన్ని రకాల ఉద్యోగాలకే అనుమతి. భోజనం పెట్టే హోటల్‌లో ఉన్నవాళ్ళకు 2024లో చేతికిచ్చింది వారానికి 8.86 పౌండ్లు. కుర్చీలో ఉన్నవాళ్ళ నిర్వాకానికి నింద మాత్రం ఆ హోటల్ గదిలో ఎదురుచూస్తున్న మనిషి మీద పడింది.

రువాండా: కోర్టులో ఏం జరిగింది?

ఈ పథకం పడవలను ఆపుతుందనడానికి ఆధారాలు లేవని హోమ్ శాఖ అత్యున్నత అధికారి మాథ్యూ రైక్రాఫ్ట్ 2022 ఏప్రిల్ 13ననే మంత్రికి రాతపూర్వకంగా చెప్పారు. అయినా ముందుకు వెళ్ళాలని ప్రీతి పటేల్ ఆదేశించారు.

తొలి విమానం జూన్ 14న బయల్దేరాలి. మొదట సుమారు 130 మందికి నోటీసులిచ్చారు. ఒక్కొక్కరూ కోర్టుకెక్కడంతో ఆ రోజుకు ఏడుగురు మిగిలారు. ఆ రాత్రి యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తాత్కాలిక ఉత్తర్వుతో వాళ్ళనూ దించేశారు.

ఈ కేసులో పోరాడినవారిలో సరిహద్దు సిబ్బందికి ప్రాతినిధ్యం వహించే పీసీఎస్ యూనియన్ కూడా ఉండడం గమనించాలి. ఏ ఉద్యోగులు ఆ విధానాన్ని అమలు చేయాలో, వాళ్ళ సంఘమే అది తప్పని కోర్టుకు వెళ్ళింది. కేర్ ఫర్ కలే, డిటెన్షన్ యాక్షన్ సంస్థలు కలిసి నడిచాయి. ఇంగ్లండ్ చర్చి బిషప్‌లు కూడా బహిరంగంగా వ్యతిరేకించారు.

2022 డిసెంబర్‌లో హైకోర్టు ప్రభుత్వం వైపు తీర్పు ఇచ్చింది. 2023 జూన్ 29న అప్పీలు కోర్టు 2-1తో దాన్ని తిప్పికొట్టింది. నవంబర్ 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా పథకం చట్టవిరుద్ధమన్నారు. రువాండా నుంచి శరణార్థులను వాళ్ళ సొంత దేశాలకు తిప్పి పంపేసే ప్రమాదం నిజంగా ఉందన్నది కారణం. గతంలో ఇజ్రాయెల్ రువాండాకు పంపిన వాళ్ళకు ఏమైందో కోర్టు చూసింది. 2018లో రేషన్ కోతపై నిరసన తెలిపిన శరణార్థుల మీద రువాండా పోలీసులు కాల్పులు జరిపి కనీసం 12 మందిని చంపిన ఘటననూ గుర్తుచేసింది.

ప్రభుత్వం ఏం చేసింది? రువాండా సురక్షితమైన దేశమేనని చట్టం చేసింది. కోర్టు సాక్ష్యాలు చూసి తేల్చిన వాస్తవాన్ని పార్లమెంటులో మెజారిటీతో మార్చేసింది. ఆ బిల్లు 2024 ఏప్రిల్ 22 అర్ధరాత్రి దాటాక సభల నుంచి బయటపడింది. కొన్ని గంటలకే, 23వ తేదీ ఉదయం, ఫ్రాన్స్ తీరంలో ఏడేళ్ళ పాపతో సహా ఐదుగురు చనిపోయారు. పడవలను ఆపుతుందన్న చట్టానికి అది మొదటి రోజు.

లెక్క చివరికి ఇలా తేలింది. రువాండాకు చెల్లించింది 29 కోట్ల పౌండ్లు. మొత్తం ఖర్చు 70 కోట్ల పౌండ్లని కొత్త ప్రభుత్వం 2024 జులైలో చెప్పింది. బలవంతంగా పంపినవాళ్ళు ఒక్కరూ లేరు. డబ్బు తీసుకుని స్వచ్ఛందంగా వెళ్ళినవాళ్ళు నలుగురు.

మనవాళ్ళు కుర్చీలో ఉంటే?

పటేల్, బ్రావర్‌మన్, సునాక్ ముగ్గురివీ భారతీయ మూలాలున్న కుటుంబాలే. ముగ్గురి పెద్దలూ తూర్పు ఆఫ్రికా నుంచో, హిందూ మహాసముద్ర దీవుల నుంచో బ్రిటన్‌కు వలస వెళ్ళినవాళ్ళు. 1968లో కెన్యా ఆసియన్లు రాకుండా ఆపడానికి బ్రిటన్ హడావుడిగా చట్టం చేసిన చరిత్ర ఆ సమాజానికి తెలియనిది కాదు.

ప్రాతినిధ్యం కావాలని మనం పోరాడుతున్నాం, పోరాడాలి కూడా. కానీ ఎవరు కూర్చున్నారన్న ప్రశ్నతో పాటు, ఎవరి తరఫున కూర్చున్నారన్న ప్రశ్న కూడా వదలకూడదు. బ్రిటన్ సమానత్వ చట్టంలో కులాన్ని స్పష్టంగా చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. అక్కడి దళిత సంఘాలు ఏళ్ళ తరబడి అడిగాయి. 2018 జులైలో కన్సర్వేటివ్ ప్రభుత్వం ఆ పని చేయబోమని, కోర్టు తీర్పులు సరిపోతాయని చెప్పి తప్పుకుంది. 2023 నవంబర్‌లో భారతదేశాన్ని 'సురక్షిత దేశాల' జాబితాలో చేరుస్తామని సునాక్ ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఇక్కడినుంచి వెళ్ళి ఆశ్రయం అడిగేవాళ్ళ దరఖాస్తులు అసలు పరిశీలనకే రాకుండా చేయాలన్న ఉద్దేశం. కులాంతర పెళ్ళి చేసుకుని ప్రాణభయంతో పారిపోయిన జంటకు ఈ దేశం సురక్షితమా కాదా అన్నది ఒక జాబితా ఎలా చెబుతుంది?

జనం ఎలా నిలబడ్డారు?

2021 మే 13, ఈద్ రోజు. గ్లాస్గోలోని కెన్‌మ్యూర్ వీధిలో ఇద్దరు భారతీయులను వలస అధికారులు వ్యాన్‌లో ఎక్కించారు. ఒకాయన వ్యాన్ కిందకి దూరి పడుకున్నాడు. ఇరుగుపొరుగు వందల మంది చుట్టుముట్టారు. ఎనిమిది గంటల తర్వాత ఇద్దరినీ వదిలేయక తప్పలేదు. 2022లో లండన్ పెక్‌హామ్‌లోనూ ఇలాగే వ్యాన్‌ను అడ్డుకున్నారు. 2024 మేలో అదే పెక్‌హామ్‌లో బిబీ స్టాక్‌హోమ్‌కు మనుషులను తీసుకెళ్ళాల్సిన బస్సును ఆపారు.

2024 జులై 4 ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లు 121 సీట్లకు పడిపోయారు. ఆ పార్టీ చరిత్రలోనే అతి పెద్ద ఓటమి. లేబర్ ప్రధాని కియర్ స్టార్మర్ వచ్చీ రాగానే రువాండా పథకాన్ని రద్దు చేశారు.

అయితే ఇక్కడితో ఆగకూడదు

జనం విసుగు ఎప్పుడూ పీడితుల వైపే ప్రవహిస్తుందనుకుంటే పొరపాటు. అదే ఎన్నికల్లో వలసలపై ఇంకా కఠినంగా ఉంటామన్న రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లు వచ్చాయి. జులై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు పసిపిల్లల హత్య జరిగింది. హంతకుడు పడవలో వచ్చిన శరణార్థి అని సోషల్ మీడియాలో అబద్ధం పాకింది. నిజానికి అతను బ్రిటన్‌లోనే పుట్టినవాడు. వారంలో రాథర్‌హామ్, టామ్‌వర్త్‌లలో శరణార్థులున్న హోటళ్ళకు నిప్పు పెట్టబోయారు. పదేళ్ళపాటు మంత్రులు వేదికల మీద వాడిన భాష వీధిలోకి దిగింది. ఆగస్టు 7న వేలమంది జాత్యహంకార వ్యతిరేకులు వాల్తమ్‌స్టో వంటి చోట్ల వీధులు నింపారు.

లేబర్ ప్రభుత్వం రువాండాను వదిలినా దారి పూర్తిగా మార్చలేదు. 2025లో పడవలో వచ్చినవాళ్ళను ఫ్రాన్స్‌కు తిప్పి పంపి, బదులుగా అంతమందిని అక్కడినుంచి తీసుకునే ఒప్పందం చేసుకుంది. నవంబర్‌లో హోమ్ మంత్రి షబానా మహమూద్ శరణార్థి హోదాను తాత్కాలికం చేస్తామని, స్థిర నివాసానికి ఇరవై ఏళ్ళ దాకా ఆగాల్సి ఉంటుందని ప్రకటించారు. ప్రభుత్వం మారినంత తేలిగ్గా విధానం మారదు.

మనకు దీనితో పనేమిటి?

భారతదేశం 1951 ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థులకు ఇక్కడ ప్రత్యేక చట్టమే లేదు. హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో బతుకుతున్న రోహింగ్యాల భవిష్యత్తు చట్టం మీద కాదు, ప్రభుత్వ ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా వాళ్ళ పేరు ఎందుకు వినిపిస్తుందో బ్రిటన్ అనుభవం చదివాక తేలిగ్గా అర్థమవుతుంది.

శరణార్థి అంటే మనకు సంబంధం లేని మనిషి అనుకునే దళిత విద్యార్థులు మరీచ్‌ఝాంపిని గుర్తుచేసుకోవాలి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన నామశూద్రులను దండకారణ్యానికి తరలించారు. అక్కడ బతకలేక వాళ్ళు సుందర్‌బన్స్‌లోని ఆ దీవికి చేరారు. 1979లో పశ్చిమ బెంగాల్‌లోని వామపక్ష ప్రభుత్వం ఆ దీవిని దిగ్బంధించి, కాల్పులు జరిపి, గుడిసెలు తగలబెట్టి ఖాళీ చేయించింది. ఎంతమంది చనిపోయారో ఈనాటికీ సరైన లెక్క లేదు. వాళ్ళు శరణార్థులు, దళితులు కూడా. లెక్క లేకపోవడానికి ఆ రెండూ కారణాలే.

ఒక ప్రభుత్వం తన తప్పులకు జవాబు చెప్పాల్సిన రోజున వేలు ఎటు చూపిస్తుందో గమనించాలి. ఆ వేలు చూపించే మనిషికి ఓటుందా, కాగితాలున్నాయా, తన తరఫున మాట్లాడే గొంతుందా అని అడగాలి. గ్లాస్గోలో ఆ వీధి జనం విధాన పత్రాలు చదివి రాలేదు. పక్కింటి మనిషిని తీసుకెళ్తున్నారని తెలిసి వచ్చి నిలబడ్డారు. తర్వాత కోర్టులో వాదించడానికి యూనియన్లు, న్యాయవాదులు, సంఘాలు తోడయ్యాయి. ఆ రెండూ కలిసినచోటే విమానం ఆగింది.